మూడో గిన్నె

కొత్తగా కాలేజీలో చేరిన పిల్లలు, స్టాఫ్ రూములో కిటికీ పక్కన కూర్చుని పేపరు చాటు నుంచి తమను చూసే ముసలి లెక్చరర్ మొహం ఎందుకలా ఉందా అని అనుకునే ఉంటారు. ఉద్యోగంలో నా చివరి ఏడాది నాకూ అలాంటి మొహమే ఉండేది. దాని సంగతే రాస్తున్నాను.

నాది ఆలూరు పక్క మెట్ట పల్లె. కర్నూలులో చదివి, కడపలో జంతుశాస్త్రం లెక్చరర్‌గా చేరాను. సముద్రం చూడకముందే సముద్ర జీవుల పాఠం చెప్పడం మొదలుపెట్టాను. మా మ్యూజియంలో ఫార్మలిన్ సీసాలో ఒక సీ అర్చిన్ ఉండేది. ఒంటి నిండా ముళ్లున్న, బంతిలాంటి జీవి. ముళ్లు సగం రాలిపోయి, ఏ రంగుదో చెప్పలేని స్థితిలో ఉండేది. ప్రాక్టికల్స్ కోసం ఏటా ఇంకొన్ని వచ్చేవి, అవీ ఫార్మలిన్‌లో ఊరినవే. వాటిని కోసి లోపల ఏముందో పిల్లలకు చూపించేవాడిని. బతికున్నదాన్ని నేనెప్పుడూ చూడలేదు. పరిశోధనకు పోవాలని ఒకప్పుడు ఉండేది. అంతకు ముందే ఉద్యోగం వచ్చింది, చేరాను. ఇందులో కన్నీళ్లు పెట్టుకోవలసిందేమీ లేదు.

కానీ ఆ జీవి గుడ్డు మీద నేను చెప్పే పాఠానికి కాస్త పేరుండేది. పాఠం ఇది: గుడ్డులో తల్లి అన్నీ ముందే సర్ది పెడుతుంది. ఏ ప్రోటీన్ ఎలా తయారు చేయాలో చెప్పే సందేశాలు, అంటే ఎం-ఆర్‌ఎన్‌ఏలు, గుడ్డు నిండా ఉంటాయి. తయారు చేసే సరంజామా కూడా ఉంటుంది. అయినా పని సాగదు. ఏదో నామమాత్రంగా నడుస్తుంటుంది. శుక్రకణం తగిలిందంటే మాత్రం కొద్ది నిమిషాల్లోనే ప్రోటీన్ల తయారీ ఊపందుకుంటుంది. కేంద్రకం నుంచి కొత్త సందేశం రానక్కర్లేదు. అన్నీ ఉండి కూడా ఇంతసేపు ఎవరు ఆపారు? ఇప్పుడు ఎవరు వదిలారు?

దీన్ని చెప్పడానికి నేను మగ్గాన్ని తెచ్చుకున్నాను. జమ్మలమడుగు వైపు నుంచి నేతపని ఇళ్ల పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండేవాళ్లు. జకార్డు మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టలు వరసగా వేలాడుతుంటాయి. చీరలో ఏ పువ్వు ఎక్కడ రావాలో ఆ చిల్లులే చెబుతాయి. అట్టలు ఎక్కించి ఉన్నాయి, నూలు ఉంది, నేసే మనిషి కూర్చునే ఉన్నాడు. కానీ అట్టల మీద గుడ్డ కప్పి ఉంది. అది తీస్తే మగ్గం ఆడుతుంది. ఇంతవరకూ చెప్పి బోర్డు మీద ‘ముసుగు’ అని పెద్దక్షరాలతో రాసేవాడిని.

ఆ తర్వాత మూడు సున్నాలు గీసేవాడిని. అవి మూడు గిన్నెలు. మొదటిదాంట్లో ఉత్త సముద్రపు నీరు. అందులో ఫలదీకరణ జరిగిన గుడ్డు గంటకో, కొంచెం అటూ ఇటుగానో రెండుగా చీలుతుంది. రెండో గిన్నెలో ప్రోటీన్ తయారీని ఆపే మందు. అందులో గుడ్డు చీలదు. చీలడానికి కావలసిన ప్రోటీన్లు అప్పటికప్పుడు తయారు కావాలి మరి. మూడో గిన్నెలో కొత్త సందేశాలు పుట్టకుండా ఆపే మందు. అందులో ఏమవుతుంది? ఇక్కడ సుద్దముక్క పట్టుకుని కాసేపు ఆగేవాడిని. చీలదని సగం మంది అనేవాళ్లు. చీలుతుంది. తల్లి ఇచ్చిన పాత సందేశాలతోనే చీలుతుంది. ఆ జవాబు చెప్పేటప్పుడు తరగతిలో కలిగే నిశ్శబ్దం కోసమే నేను ఆ పాఠాన్ని ఏడాదంతా దాచుకునేవాడిని. ఆ మూడు సున్నాలను నా అంత గుండ్రంగా గీసేవాడు మా జిల్లాలో లేడని నా నమ్మకం.

రిటైరయ్యే ఏడాది కొత్తామె వచ్చింది.

చీరాల వైపు సముద్రం ఒడ్డు ఊరు. ఆమె డాక్టరేట్ సీ అర్చిన్ గుడ్డు మీదే. నేను బోర్డు మీద గీసిన పనిని ఆమె రోజూ చేత్తో చేసి వచ్చింది. ఈ సంగతి తెలిసిన రోజు నేను మధ్యాహ్నం క్యారియర్ విప్పకుండా ఇంటికి తీసుకుపోయాను.

నాకు డైరీ రాసే అలవాటు కాలేజీలో చేరినప్పటి నుంచి ఉంది. వాన పడిందా, ఏ క్లాసు చెప్పాను, ఎవరేమన్నారు, ఇంతే రాస్తాను. ఆ ఏడాది డైరీ తిరగేస్తే వానల సంగతి తక్కువగా, ఆమె సంగతి ఎక్కువగా ఉంది. పేరుతో కాదు, ‘కొత్తామె’ అనే. ‘కొత్తామె క్లాసులోంచి నవ్వులు వినిపించాయి. పాఠంలో నవ్వడానికి ఏముంది?’ ‘కొత్తామె గది ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. నా గది ముందు కుక్క పడుకుని ఉంది.’ ‘కొత్తామె చీర బాగుందని ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడు. నా చొక్కా గురించి ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అనలేదు.’ ఇలాంటివి పేజీల కొద్దీ ఉన్నాయి.

ప్రిన్సిపాల్ బనగానపల్లె మనిషి. మాటలో మర్యాద ఎక్కువ. ఆయన నన్ను గదికి పిలిచి మెల్లగా మొదలుపెట్టాడు.

“సార్, మీరు శానా ఏండ్లు మోసినారు ఈ పేపరును. ఇంక ఆయమ్మకు ఇచ్చేద్దాం. మీరు పర్యావరణం తీసుకోండి, తేలిగ్గా ఉంటాది.”

“నాకు బరువుగా ఉందని ఎవరన్నారు సార్?”

“ఎవరూ అనలేదు. నేనే అనుకున్యా.”

“అయితే మీరే మళ్లీ ఇంకోలా అనుకోండి.”

ఆయన నవ్వి, చివరికి మధ్యేమార్గం చెప్పాడు. ఎ సెక్షన్ నాకు, బి సెక్షన్ ఆమెకు. దానికంటే పేపరు మొత్తం ఇచ్చేసి ఉంటే నయమని తర్వాత అర్థమైంది. పిల్లలు రెండు సెక్షన్ల నోట్సులూ పక్కపక్కన పెట్టుకుని చూడటం మొదలుపెట్టారు.

నేను ‘ముసుగు’ అని రాసిన రోజు, వెనక బెంచీలోంచి రాజంపేట అమ్మాయి ఒకతె లేచింది.

“సార్, బీ సెక్షన్లో మేడం వేరేగా చెప్పినారంట.”

“ఏమని?”

“ముసుగు ఒక్కటే కాదంట సార్. పని మొదలుపెట్టే ప్రోటీన్ ఒకటి ఉంటాదంట. దాన్ని ఇంకోటి పట్టుకోని కూచుంటాదంట. ఫర్టిలైజేషన్ కాంగానే ఆ పట్టుకున్నది నాశనం అయిపోతాదంట. అప్పుడు మొదటిది విడుదలయి పని మొదలుపెడతాదంట.”

ఇన్ని ‘అంట’లు ఒకేసారి ఎవరూ నా మీద విసరలేదు. కూర్చోమని చెప్పి మూడు సున్నాలు గీశాను. ఆ రోజు రెండోది కోడిగుడ్డులా వచ్చింది.

స్టాఫ్ రూములో ఆమెను అడిగాను, వీలైనంత మామూలు గొంతుతో. ఆమె కుర్చీ జరుపుకుని పక్కకు వచ్చి కూర్చుంది.

“ముసుగు తప్పని కాదండీ. అదీ ఉంది. కానీ అదొక్కటే సరిపోదని తర్వాత తేలింది. గుడ్డు లోపల ఆమ్లత్వం తగ్గడం, ఈ పట్టుకున్న ప్రోటీన్ పోవడం, ఇలా రెండు మూడు తాళాలు కలిసి తెరుచుకుంటాయండీ. మీ మగ్గం ఉదాహరణ చాలా బావుందని పిల్లలు చెప్పారు. నేనూ వాడుకుంటున్నాను.”

“వాడుకుంటున్నారా?”

“కొంచెం మార్చానండీ. అట్టల మీద గుడ్డ కప్పడమే కాదు, నేసే మనిషి చెయ్యి కూడా ఇంకొకరు పట్టుకున్నారు అని. ఆ పట్టుకున్నవాళ్లు మాయమైతేనే చెయ్యి ఆడుతుంది.”

మంచి మార్పు. నాకు తట్టవలసిన మార్పు. గర్వంగా చెప్పి ఉంటే పోట్లాడేవాడిని. ఆమె నా ఉదాహరణను నాకు పెద్దరికం ఇస్తూ తీసుకుంది. నా మగ్గం మీద నా ఎదుటే ఇంకొకరు నేస్తుంటే బాగుందని తలూపి వచ్చాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ గిన్నెలు తోముతూనే విన్నది.

“ఆ పాపకు మన పాప వయసు ఉంటాది. ఆమెతో మీకేం పోటీ?”

“పోటీ కాదు. పద్ధతి గురించి మాట్లాడుతున్నా.”

“పద్ధతి గురించి అయితే ఇంత సేపు మాట్లాడరు మీరు.”

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు అసూయ మీద ప్రసంగించారు. మా ఆవిడ ఆడవాళ్ల వైపు నుంచి మెడ తిప్పి నన్ను వెతికి మరీ చూసింది. ఆయనకు ముందే చెప్పి ఉంటుందని నాకు ఇప్పటికీ అనుమానం.

జనవరి చివర కొత్తామె ఒక ప్రతిపాదన తెచ్చింది. చెన్నై తీరంలో ఆమెకు తెలిసిన జాలర్లున్నారు. బతికున్న సీ అర్చిన్లను రైల్లో కడపకు తెచ్చి, రెండు సెక్షన్లకూ కలిపి మూడు గిన్నెల ప్రయోగం చేసి చూపిద్దామంది. మందులు ఆమె పాత ప్రయోగశాల వాళ్లు కొంచెం ఇస్తారు. ఎండలు ముదరకముందే చేయాలి, వేడికి గుడ్లు ఆగవు.

“మీరు కూడా రండి సార్, తేవడానికి. మీకు తీరం చూసినట్టూ ఉంటుంది.”

“మోకాళ్లు నొప్పులమ్మా” అన్నాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

నా ఇబ్బంది మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంకో మూడు నెలల్లో నేను ఇంటికి పోతాను. ఉద్యోగమంతా గీసిన మూడో గిన్నెను ఒక్కసారి కళ్లతో చూడాలి. ఆమె చూపిస్తే చూడటం నాకు ఇష్టం లేదు. చూడకుండా ఇంటికి పోవడం అంతకన్నా ఇష్టం లేదు. అది తప్పితే నాకు ఇంకో అవకాశం రాదు.

ఆమె ఇద్దరు విద్యార్థులతో పోయి, థర్మోకోల్ పెట్టెల్లో సీ అర్చిన్లను, క్యాన్లలో సముద్రపు నీటిని తీసుకుని తెల్లవారుజామున రైలు దిగింది. కాలేజీలో ఏసీ ఉన్న గదులు రెండే, ప్రిన్సిపాల్ గది, కంప్యూటర్ ల్యాబ్. కంప్యూటర్లను గోడకు నెట్టి, ల్యాబులో పెద్ద ప్లాస్టిక్ తొట్టి పెట్టారు. తొట్టిలో సగం దాకా సముద్రపు నీళ్లు పోసి వాటిని వదిలి, బుడగల మోటారు తగిలించారు. ఆ పొద్దున పత్రికా విలేకరి వస్తున్నాడని ప్రిన్సిపాల్ సముద్రపు నీళ్లు నింపిన గాజు జాడీలో రెండింటిని తన బల్ల మీద పెట్టించుకున్నాడు. ఆమె స్నానానికి ఇంటికి పోయింది. మధ్యాహ్నం ప్రయోగం.

నేను మామూలు వేళకు వచ్చి, సంచీ గదిలో పెట్టకుండా నేరుగా కంప్యూటర్ ల్యాబుకు పోయాను. అక్కడ మా అటెండరు తొట్టి పక్కన గొంతుక్కూర్చుని లోపలికి చూస్తున్నాడు. మ్యూజియం ఊడ్చే మనిషి, నాకంటే ముందు నుంచి అక్కడే పని చేస్తున్నాడు.

“ఏమప్పా, ఎట్లున్నాయి?”

“ఉమ్మెత్తకాయల మాదిరి ఉండాయి సార్. పొద్దున ముల్లు అల్లాడిస్తాండె. ఇప్పుడు పండుకున్నట్లుండాది.”

వంగి చూశాను. ముళ్లన్నీ వాలిపోయి ఉన్నాయి. తొట్టి అంచుదాకా నిండి ఉంది.

“సగమే పోసినారని విన్నానే. ఇన్ని నీళ్లు యాడివి?”

“మ్యాడం ఫోన్ చేసినాది సార్. ‘వెనకాల ఉప్పునీళ్లు ఉన్నాయి, తొట్టి నిండుగా పోసెయ్యండి’ అనె. పోసినా.”

“వెనకాల అంటే?”

“వెనకాల అంటే యాడుండాది సార్, బిల్డింగు వెనకాల. ఉప్పునీళ్ల కొళాయి.”

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. మా బోరు రుచి తెలిసిపోయింది. బీరువా వెనకకు పోయి చూస్తే మిగిలిన సముద్రపు నీళ్ల క్యాన్లు మూతలు తీయకుండా వరసగా ఉన్నాయి.

మా వైపు వాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ నీళ్లు రెండు రకాలు. తాగేవి మంచినీళ్లు, బట్టలకు, గిన్నెలకు వాడే బోరునీళ్లు ఉప్పునీళ్లు. ఏ ఇంట్లో అడిగినా ఉప్పునీళ్ల కొళాయి ఎక్కడుందో చూపిస్తారు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషికి ఉప్పునీళ్లంటే ఒకటే. ఆమె తప్పు చెప్పలేదు, అతడు తప్పు వినలేదు. సముద్ర జీవికి మాత్రం మా బోరులోని ఉప్పు ఏ మూలకూ చాలదు. చప్పబడిన నీరు వాటి ఒంట్లోకి ఎక్కేస్తుంది.

కొత్తామె వచ్చి ఇది చూసినప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో చూడాలని ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం నా మొహం గుర్తొచ్చింది. ఆ తొట్టిలో పోయింది ఆమె పేరు ఒక్కటే కాదు, నా మూడో గిన్నె కూడా. అటెండరును, తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు పిల్లలను పిలిచి, క్యాన్లు విప్పి బకెట్లలో పోయించి, తొట్టిలోవాటిని ఒక్కొక్కటే మార్చాను. రెండు ముళ్లు గుచ్చుకున్నాయి. అప్పటిదాకా బతికున్న సీ అర్చిన్ ముల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆమె వచ్చి చూసి అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. అటెండరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఉప్పునీళ్లంటే ఉప్పునీళ్లే కదా సార్. నాకేం తెలుసు.”

“మా ఊళ్లో సముద్రపు నీళ్లనే అలా అంటామండీ” అంది ఆమె, అతడితో కాదు, నాతో కాదు. తర్వాత అతడి వైపు తిరిగి, “మీ తప్పేం లేదు. నేనే క్యాన్ అని చెప్పాల్సింది” అంది.

సూది వేసి చూసింది. సీ అర్చిన్‌కు పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఎక్కిస్తే, ఆడదయితే గుడ్లు, మగదయితే శుక్రకణాలు నెత్తి మీద రంధ్రాల నుంచి బయటికి వస్తాయి. బయటి నుంచి చూస్తే ఏది ఆడదో ఏది మగదో తెలియదు. సూది వేస్తేనే తెలుస్తుంది. బకెట్లలోవి సూదికి పలకలేదు. ఒకటి, ఇంకొకటి, ఏదీ చుక్క కూడా వదల్లేదు.

“ప్రిన్సిపాల్ గారి బల్ల మీద రెండున్నాయి” అన్నాను.

ప్రిన్సిపాల్ ముందు ఒప్పుకోలేదు.

“విలేకరి వస్తాడు సార్. నేనేం చూపియ్యాల ఆయనకు, మ్యూజియం సీసానా?”

“గుడ్డు రెండుగా చీలడం చూపించండి సార్. ఫొటోకు అదింకా బాగుంటుంది” అన్నాను. ఆమె కోసం నేను అలా వాదిస్తున్నానని ఎవరైనా అనుకుని ఉంటే అది పొరపాటు.

జాడీ కంప్యూటర్ ల్యాబుకు వచ్చింది. మొదటిదానికి సూది వేసి, బీకరు మూతి మీద తలకిందులుగా పెట్టింది. నిమిషంలో నెత్తి మీది నుంచి నారింజ రంగు సన్నని ధారలు నీళ్లలోకి దిగాయి. ఆడది. ఇప్పుడు రెండోది మగదయితే చాలు. దానికీ సూది వేసింది. అందరం వంగాం. నారింజ రంగే దిగింది.

అటెండరు గొంతు సవరించుకున్నాడు.

“అంతా ఆడోల్లే వచ్చినట్లుండారు సార్. మగోల్లు సముద్రంలోనే నిలిచిపోయిండారేమో.”

ఆమె కూడా నవ్వింది, కళ్లలో నీళ్లతోనే. ఇన్ని గుడ్లున్నాయి, ఒక్క మగది లేదు. రెండు సెక్షన్ల పిల్లలూ బయట వరండాలో పోగవుతున్నారు.

అప్పుడు నాకు తట్టింది. బకెట్లలోవి సూదికి పలకనంత మాత్రాన లోపల అంతా పాడయిందని కాదు. ఒంట్లోకి చప్పనీరు ఎక్కినా, బీజకోశాల లోపల శుక్రకణాలు ఇంకా బాగానే ఉండవచ్చు. తెరిచి చూడాలి.

“కోసేద్దామా?” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. “నేనెప్పుడూ లోపల చూడలేదండీ. మా దగ్గర సూది వేస్తే వచ్చేసేవి. కోయాల్సిన అవసరమే పడలేదు.”

ఈ వాక్యం నా డైరీలో ఉంది, కింద గీతతో.

బతికున్నవాటి సంగతి ఆమెకు తెలుసు. చచ్చినవాటితో, చావబోతున్నవాటితో నా పరిచయం పాతది. కత్తెర తీసుకుని, ఒకదాన్ని బోర్లించి, నోటి చుట్టూ ఉన్న మెత్తటి పొరను కత్తిరించి, ఐదు పళ్ల దవడను పట్టకారుతో పైకి లాగాను. ఫార్మలిన్‌లో ఊరినవి గట్టిగా ఉంటాయి. ఇది జారిపోతోంది. దారి మాత్రం తెలుసు. లోపలి నీరు వంచేస్తే, పై కప్పుకు అంటుకుని బత్తాయి తొనల్లాంటి ఐదు బీజకోశాలు కనిపించాయి. నారింజ రంగు. ఆడది.

“ఇంకోటి” అన్నాను. అటెండరు అందించాడు. అదీ ఆడదే.

మూడోదాని దవడ లాగేసరికి లోపల జున్ను రంగులో మెరిసింది. అంత తెల్లటి తెలుపును నేను మ్యూజియంలో ఎప్పుడూ చూడలేదు. ఆమె డ్రాపరుతో ఆ చిక్కటి తెలుపును, నీరు తగలకుండా తీసి, ఐసు మీద పెట్టిన చిన్న గొట్టంలో వేసుకుంది. ఒక చుక్కను సముద్రపు నీటిలో కలిపి మైక్రోస్కోపు కింద చూసి, “ఈదుతున్నాయండీ” అంది.

సరిగ్గా అప్పుడే విలేకరి వచ్చాడు. ఫొటోలో ఆమె, ప్రిన్సిపాల్, మైక్రోస్కోపు పడ్డారు. నా చెయ్యి కూడా పడింది, మోచేతి దాకా.

గిన్నెలు మూడు. గుడ్లను మూడింటిలోకీ పంచి, రెండోదాంట్లో, మూడోదాంట్లో మందులు ముందే కలిపింది. మధ్యాహ్నం పిల్లలంతా లోపలికి వచ్చాక శుక్రకణాల నీటిని ఒక్కో చుక్క వేసింది. శుక్రకణం తగిలిన గుడ్డు చుట్టూ ఒక పలచని పొర లేస్తుంది, పూరీ పొంగినట్టు. ఒక్క నిమిషంలో అయిపోయే సంగతి. ఆ నిమిషం నాకు దక్కుతుందని అనుకున్నాను. కానీ మొదట ప్రిన్సిపాల్ కూర్చోవాలి కదా. ఆయన ఒక కన్ను మూసి, తెరిచి, రెండోది మూసి, “బాగుండాది” అన్నాడు. తర్వాత విలేకరి. నా వంతు వచ్చేసరికి పొర లేచి, గుడ్డు దాని లోపల కుదురుగా కూర్చుని ఉంది. మూడు గిన్నెలలోనూ అంతే. ఆ పొరకు కొత్త ప్రోటీన్ అక్కర్లేదు, గుడ్డులో ముందే సిద్ధంగా ఉంటుంది. చీలిక కోసం ఇంకా చాలాసేపు ఆగాలి.

పాఠం ఆమె చెప్పింది. నేను గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. మగ్గం వచ్చింది, అట్టలు వచ్చాయి, గుడ్డ కప్పడం వచ్చింది, చెయ్యి పట్టుకోవడం వచ్చింది. “ఈ మగ్గం సార్‌ది” అని కూడా చెప్పింది. పిల్లలు నా వైపు తిరిగి నవ్వారు. చెప్పకుండా ఉంటే ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఏదైనా మిగిలేది.

మైక్రోస్కోపులు మూడు, గిన్నెకొకటి. మొదటిదాని చుట్టూ ఎ సెక్షన్, బి సెక్షన్ తేడా లేకుండా మూగారు. రెండోదాని దగ్గర కొందరు. మూడోదాని దగ్గర కుర్చీ లాక్కుని నేను కూర్చున్నాను. ఒక కుర్రాడు వచ్చి “సార్, ఒకసారి” అన్నాడు. చూపించాను. ఇంకొకడు వచ్చాడు. వాడికీ చూపించాను. మూడోసారి వచ్చిన రాజంపేట అమ్మాయితో “అవతల చూడు పో తల్లీ, ఈడ ఇంకా ఏమీ లేదు” అన్నాను. పోలేదు. వెనక నిలబడింది.

మొదటి గిన్నె దగ్గర గోల లేచింది. రెండయిందని, లేదని, ఇది కాదు పక్కదని, తోసుకోవడాలు. ఆమె అక్కడే ఉంది, ఆమె చుట్టూ అందరూ ఉన్నారు. రెండో గిన్నె దగ్గరున్నవాళ్లు చాలాసేపు చూసి, “మేడం, ఇవి అట్లే ఉండాయి” అన్నారు. ఉండాలి. ప్రోటీన్ లేకుండా చీలవు. “సార్, మీ గిన్నె?” అని ఎవరో అరిచారు. మీ గిన్నె అన్న మాట నాకు బాగానే వినిపించింది. తల ఎత్తలేదు.

నేను ఎంచుకున్న గుడ్డు కొంచెం ఎడమగా ఉంది. ఇంతసేపూ గుండ్రంగా ఉన్నది కాస్త సాగింది. ఒక పక్క చిన్న నొక్కు పడింది. ఎవరో సన్నని దారం కట్టి బిగిస్తున్నట్టు నొక్కు చుట్టూ తిరిగి లోపలికి దిగుతోంది. లోపలికి కొత్త ఉత్తర్వు ఒక్కటీ రాలేదు. రాకుండా మందు అడ్డం ఉంది. తల్లి పెట్టిపోయినవాటితోనే అది తన పని తాను చేసుకుంటోంది. దీన్ని నేను వందల మందికి చెప్పాను. చెప్పింది నిజమేనని ఇప్పుడు తెలుస్తోంది.

వెనక అడుగుల చప్పుడయింది. పిల్లలు దారి ఇచ్చారు. కొత్తామె నా కుర్చీ వీపు మీద చెయ్యి వేసి వంగింది. పొద్దున రైలు దిగినప్పటి నుంచి ఆమె కూడా దీని కోసమే ఆగి ఉంది. తన మందు, తన గుడ్లు, తన ప్రయోగం.

“రెండయ్యాయాండీ సార్?”

ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాడిని అప్పటికి నేనొక్కడినే.

“ఉండమ్మా, చూస్తాండా” అన్నాను, కన్ను తీయకుండా.

అప్పటికే అది రెండయి ఉంది.